చూసినవాళ్లు లక్షమంది

"ఏడువవ్వా. జర కండ్లల్ల నీళ్లు తెచ్చుకో," అన్నాడు వరప్రసాద్ విసుగ్గా.

ఐలమ్మకు ఏడుపు రావడం లేదు. లింబాయత్‌లోని తన ఇరుకు గది గడపలో కూర్చుని, ఎదురుగా పెట్టిన బియ్యం బస్తా వైపే చూస్తోంది. కరోనా వచ్చి సూరత్‌లో సాంచాలు అనే మరమగ్గాలన్నీ ఆగిపోయాక, ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టే ఆమె పనీ ఆగిపోయింది. నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు.

వరప్రసాద్ ఆకలి వేరు. సాయంత్రానికి లక్షమంది చూసే వీడియో ఒకటి చేసి చూపిస్తే, తమ ప్రకటనల్లో అతని మొహం వేస్తామని ఒక చీరల కంపెనీ మేనేజరు చెప్పాడు. లేదంటే ఆ అవకాశం ఉధ్నాలో మేడ మీద డ్యాన్సులు చేసే కుర్రాడికి పోతుంది. అంతకుముందు వరప్రసాద్ డుమస్ బీచ్ ఇసుకలో పొర్లాడి చూశాడు. అడాజన్‌లో ఎవరిదో కారుకు ఆనుకుని చూశాడు. పదివేలు దాటలేదు. ఇక మిగిలింది దానధర్మం.

ఫోన్ పట్టుకున్న స్నేహితుడు పరమేశ్, మాస్కు వేసుకొమ్మని గుర్తుచేశాడు. వరప్రసాద్ గడ్డం కింద వేలాడుతున్న మాస్కు కూడా తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మొకం మూసుకుంటే పుణ్యం ఎవని ఖాతాల పడ్తది భాయ్?"

ఐలమ్మ ఫోన్ వైపు అనుమానంగా చూసింది. "మనం మాట్లాడేదంత దాంట్ల ఇనబడ్తదా, బిడ్డా?"

"ఏం ఇనబడదు. మాటలన్నీ తీసేసి, అమ్మ మీద పాట పెడ్తం."

ఆమె తలాడించింది. పరమేశ్ సైగ చేశాడు. వరప్రసాద్ డబ్బాలోంచి ఖిచిడీ ముద్ద తీసి ఆమె నోటి ముందు పెట్టాడు. ఆమె చెయ్యి మాత్రం బస్తా ముడి మీదికి పోయింది. వరప్రసాద్ చిరునవ్వు చెదరనివ్వలేదు. ఆ నవ్వుతోనే అన్నాడు.

"బస్తా ముట్టకు ముసల్దానా. అండ్ల బియ్యం లేవు, చిందీ ఉన్నది."

చిందీ అంటే కార్ఖానాల బయట పారేసే గుడ్డపీలికలు. వీడియోకి బస్తా నిండుగా కనిపించాలి, మోసేవాడికి తేలిగ్గా ఉండాలి.

ఐలమ్మ బస్తా మీంచి ఫోన్ వైపు చూపు తిప్పింది. తర్వాత చెవి వెనక చెయ్యి పెట్టుకుంది.

"ఇనబడలే బిడ్డా. జర ఎల్తురుకు తిరిగి నిమ్మలంగ చెప్పు."

మగ్గాల మనుషులందరికీ చెవుడే అని వరప్రసాద్ చిరాకుపడ్డాడు. ఇంట్లో తండ్రి రాజమౌళిదీ అదే కథ. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప జవాబివ్వడు. వరప్రసాద్ వెలుతురులోకి, ఫోన్ వైపుకి తిరిగాడు. నోరంతా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా, ప్రేమ ఒలకబోస్తూ చెప్పాడు.

"బస్తల... చిందీ... ఉన్నది. పాట అయినంక... తీస్కపోత. ఈ ముద్ద మింగి... ఏడువు... ముసల్దానా."

అప్పుడు ఐలమ్మ ఏడ్చింది. పరమేశ్ అంతా తీశాడు. వెళ్తూ వెళ్తూ వరప్రసాద్ బస్తాను భుజానికెత్తుకున్నాడు. రేపటికి ఇంకో ముసలమ్మను చూసి పెట్టుకున్నాడు మరి.

వీడియో పెట్టిన కాసేపటికే అంకె పరుగందుకుంది. సిరిసిల్లలో చూస్తున్నారు, భివండీలో చూస్తున్నారు, సోలాపూర్‌లో చూస్తున్నారు. ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఆ అవ్వ ఇల్లెక్కడ, బియ్యం పంపుతామని అడిగే కామెంట్లు కొన్ని కంటపడ్డాయి. తన గొప్పతనానికి కరిగిపోయారనుకున్నాడు. మిగతావి చదవలేదు. అంకె పెరుగుతుంటే అక్షరాలతో పనేముంది?

చీకటి పడకముందే లక్ష దాటింది. చీరల కంపెనీ మేనేజరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. వరప్రసాద్ ఎత్తలేదు. పెద్దవాళ్లు వెంటనే ఫోన్ ఎత్తరు.

తండ్రి ఇంట్లోకి రాగానే వీడియో ఆయన ముందు పెట్టి, లక్షమంది చూశారని అరిచాడు. రాజమౌళి చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. కళ్లు తడిశాయి. ఇన్నాళ్లకు కొడుకు విలువ తెలిసొచ్చిందనుకున్నాడు వరప్రసాద్.

"బస్తల చిందీ ఉన్నది," అన్నాడు రాజమౌళి. "పాట అయినంక తీస్కపోత."

వరప్రసాద్ ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. పాట తప్ప ఏమీ లేదు.

"నీకెట్ల తెలిసింది బాపు?"

"సాంచాల చప్పుడుల చెవులెవనికి పనిచేస్తయ్‌రా? మొగ్గం కాడ మేమంత పెదవులు చూసే మాట్లాడుకుంటం. సూరత్‌ల, భివండిల, సిరిసిల్లల, ఏడన్న గంతే." రాజమౌళి కొడుకు జేబులోంచి మడతపెట్టిన మాస్కు తీసి అతని ఒళ్లోకి విసిరాడు. "ఇది మూతికి ఉన్నా బతికిపోతుంటివి."

ఫోన్ మళ్లీ మోగింది. మేనేజరే. ఈసారి ఎత్తే ధైర్యం లేకపోయింది. వరప్రసాద్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. పశ్చాత్తాపం రాలేదు గాని, కోపం వచ్చింది. తల తండ్రి వైపు తిప్పి గొణిగాడు.

"ఆ ముసల్దాని చెవుడే నన్ను ముంచింది. రెండోసారి గంత నిమ్మలంగ చెప్పకుంటే ఎవనికి సమజయ్యేది?"

రాజమౌళి ఆ గొణుగుడు కూడా చదివాడు.

"చెవుడు ఎవరికిరా? ఐలవ్వ నాకెరుక లేదా? ఎన్నడన్న సాంచాల కాడ పనిచేసిందా ఆమె? ఇంట్ల కూసుండి కండెలు చుట్టిన మనిషి, పక్కింట్ల గుసగుస గూడ ఇనబడ్తదామెకు."