కట్ట మధ్యలో మండపం

“ఇంక నా వల్ల కాదమ్మా. ఈడ కొంచేపు నిల్చుకుందాం,” అంది నల్లమ్మ, నాజ్‌నీన్ ముఖంలోకి చూస్తూ.

నాజ్‌నీన్ ఆ చోట సున్నంతో గీత గీసింది. ఇది ఐదో రోజు. వయసైనవాళ్లు ఎక్కడ అలసిపోతారో చూడాలని నాజ్‌నీన్ అడగ్గా, గొర్రెలు మేపుకునే ముసలి నల్లమ్మ రోజూ తోడు నడుస్తోంది. రోజూ ఇక్కడే ఆగుతోంది.

సోమందేపల్లె దగ్గర చెరువు కట్ట మీద నడకదారి వేస్తున్నారు. దానికో చిన్న విశ్రాంతి మండపం గీయడం ఇంజనీరుగా నాజ్‌నీన్ మొదటి పని. పడమటెండ తగలకుండా గోడ, ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి కమ్మీ, మంచినీళ్ల కుండకు గూడు, అన్నీ గీసింది. చోటు దగ్గరే చిక్కు వచ్చింది. కట్ట మొదట్లో, రోడ్డుకు కనబడేలా కట్టాలంటాడు పై ఇంజనీరు గంగప్ప.

ఆయన జీపు రావడం చూసి ఆమె గుండె దడదడలాడింది.

“ఏమమ్మా, ఒక్క ముసలామె కోసం ప్లాను మార్చల్లా?”

“ఒక్కరు కాదు సార్. వయసైనోళ్లు... ఈడికొచ్చేసరికి అలసిపోతారు. కూర్చునే చోటు లేకుంటే... ఎనక్కి పోతారు.” మాట మాటకూ ఆగింది.

“అంత భయమెందుకమ్మా? నేనేమన్నా కొరుకుతానా?” గంగప్ప నవ్వి, మండపాన్ని కట్ట మధ్యకు మార్చిన ప్లాను మీద సంతకం పెట్టాడు.

జీపు వెళ్లిపోయింది. అంతలో ఒక పొట్టేలు కట్ట కింద మేస్తున్న నల్లమ్మ మందలోంచి తప్పించుకుని, కట్ట చివరనున్న సెనక్కాయ చేను వైపు ఉరికింది. నల్లమ్మ కర్రెత్తి వెంటపడింది. కట్ట కొసదాకా ఆగకుండా పరుగెత్తి, దాన్ని మళ్లించుకుని వచ్చింది. ఆమెకు చెమట కూడా పట్టలేదు.

నాజ్‌నీన్ తను గీసిన సున్నపు గీత వైపు చూసింది. ఐదు రోజుల కొలతలూ తప్పేనా? గంగప్పకు తెలిస్తే ఉద్యోగం ఉంటుందా?

“అవ్వా! ఇంత ఉరకగల్గినదానివి, రోజూ ఈడ ఎందుకు ఆగుతాంటివి? నాకు అబద్ధమెందుకు చెప్తివి?”

నల్లమ్మ కర్ర పక్కన పెట్టింది. నాజ్‌నీన్ చెయ్యి పట్టుకుని రాతికట్టు మీద కూర్చోబెట్టింది. కొంగుతో ఆమె నుదురు తుడిచింది.

“చెప్తే నువ్వు బెదురుకుంటావని ఊరకుంటి. రేపు పనికి రావద్దు, పెద్దాసుపత్రికి పో.”

“ఎందుకవ్వా?”

“రోజూ ఈడికొచ్చేసరికి ఊపిరందనిది నాక్కాదు, నీకు తల్లీ.”