ఎడమచేతి కొలత

“కుడిచెయ్యి మణికట్టు దాకా అల్లండి. ఎడమది ఇక్కడితో ఆపేయండి,” అందావిడ.

ఆ చెయ్యి మోచేతి కింద జానెడు కూడా లేదు.

రత్నమాణిక్యం చూపు తిప్పుకుని టేపు తీసింది.

మొగల్తూరులో లేసు అల్లేవాళ్లు వీధివీధికీ ఉన్నారు. ఉన్ని స్వెట్టరు ఒంటికి అతికినట్టు అల్లాలంటే మాత్రం రత్నమాణిక్యమే. రెండు చేతులూ ఒకే జత సూదుల మీద పక్కపక్కనే ఎక్కిస్తుంది. ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అన్న మాటే ఉండదు.

వచ్చినావిడకి పాలకేంద్రంలో పనట. మంచులో పడి తెల్లారకుండానే వెళ్లాలట. చెయ్యి ఎలా పోయిందో రత్నమాణిక్యం అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

“వేలాడకూడదండి. కొస దగ్గరికి మూసెయ్యండి,” అని మాత్రం గట్టిగా చెప్పి వెళ్లింది.

ఉన్ని కోసం పెట్టె తెరిస్తే పట్టుచీర అడ్డొచ్చింది. కిందటేడు కూతురు కీర్తి నాయనమ్మతో గోదావరి రేవులో పంటు పడవ దిగుతూ, పంటుకీ గట్టుకీ మధ్య జారిపోయింది. ఎవరో పైకి లాగి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ మనిషి కోసం కొన్న చీర. ఎంత వెతికినా మనిషి దొరకలేదు.

చీర పక్కన పెట్టి అల్లిక మొదలెట్టింది. మనసొప్పలేదు. ఆడమనిషి, నలుగురిలో తిరగాలి. జాలిపడి రెండు చేతులూ సమంగానే అల్లేసింది.

ఆవిడ వచ్చి తొడుక్కుంది. కుడిచెయ్యి అచ్చు పోసినట్టు కుదిరింది. ఎడమది ఖాళీగా వేలాడింది.

“కొసలో కాస్త దూది కూరితే ఎవరికీ తెలీదండి,” అంది రత్నమాణిక్యం.

“తెలిస్తే ఏంటండి?”

“మీ మంచికేనండి.”

“మా వాళ్లూ నా మంచికే శాలువా కప్పుకోమంటారు. కప్పుకోను. సిగ్గుపడే పని చేసి పోగొట్టుకున్న చెయ్యి కాదిది.”

స్వెట్టరు విప్పింది. సాయం పట్టబోతే వద్దని, ఒంటిచేత్తోనే మడతపెట్టి అరుగు మీద పెట్టింది.

“ఉన్న చేతికి అల్లమన్నానండి. లేని చేతికి కాదు.”

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

మంచికి పోతే ఇదీ మర్యాద అని రత్నమాణిక్యం గొణుక్కుంది. ఎంత పొగరో అనుకుంది.

బజారు నుంచి వచ్చిన అత్తగారు సుబ్బాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. చూపంతా సందు చివరికి వెళ్తున్న మనిషి మీదే ఉంది.

“ఎలా దొరికిందే? చీర ఇచ్చావా?”

“ఎవరికండీ?”

“ఇప్పుడు మనింట్లోంచి వెళ్లిందే. ఆవేళ మన కీర్తిని పైకి లాగి, ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది, ఆవిడే.”