విరిగిన కమాన్

"వారం తిప్పేసరికి కమాన్ పిన్నులెలా అరిగిపోయేయో సూడండి సార్" అన్నాడు మెకానిక్ ధనరాజ్.

చంద్రమౌళి వంగి చూశాడు.

వాళ్ల నాన్న కాలం నాటి కారు అది. పాత కార్ల ర్యాలీకి పంపేముందు ఎంత తట్టుకుంటుందో చూద్దామని, ఇసక బస్తాలు వేసి గొలుగొండ దాకా గతుకుల రోడ్ల మీద తిప్పాడు. ఇప్పుడు జాకీల మీదికెక్కించి, చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కమాన్లన్నీ విప్పించాడు.

"ఎడమేపు కమాన్లో ఒక పట్టీ వేరే రకం సార్. ఎప్పుడో మార్చేరు."

చంద్రమౌళి మొహం వెలిగింది.

"పాత పట్టీ ఇరిగిన రోజే నేను బతికేను ధనరాజ్."

షెడ్డు గుమ్మంలో కర్ర ఊతంగా ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ.

"ఈ కారింకా ఉందా బాబూ?"

"ఉందండి మామ్మగారూ. కూర్చోండి."

వినేవాళ్లు ఇద్దరయ్యేసరికి అతనికి హుషారొచ్చింది.

"అప్పుడు నాకు నాలుగేళ్లు. గొలుగొండలో అమ్మమ్మగారింట్లో ఉండగా కంఠసర్పి వచ్చింది. ఊపిరాడదు. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బయట గాలివాన. డ్రైవరు లేడు. మా నాన్నే స్టీరింగు పట్టేరు. దార్లో పట్టీ ఇరిగితే, చెరుకు తోట కంచెలో కర్ర పీకి, తాడుతో బిగించి లాక్కొచ్చేరు. అంత గుండె ధైర్యం ఎవరికుంటాది?"

ముసలామె లేచి, విప్పిపెట్టిన కమాన్‌ని వేళ్లతో తడిమింది. గ్రీజు అంటినా తుడుచుకోలేదు.

"మీ నాన్నగారికి నువ్వంటే పంచప్రాణాలు బాబూ."

"ఆయన్ని ఎరుగుదురా?"

"ఎరుగుదును. అప్పట్లో గొలుగొండ మిషనాసుపత్రిలో నర్సుగా సేసేను. అప్పాయమ్మంటారు నన్ను."

కాసేపు కారునే చూస్తూ నిలబడింది.

"ఒక్కసారి ఎక్కి కూర్సోనా బాబూ?"

"జాకీల మీదుందండి. పనయ్యేక రండి, నేనే ఊరంతా తిప్పుతాను."

"అలాగే" అంటూ నెమ్మదిగా వెళ్లిపోయింది.

అరిగిన పిన్నులకు బదులు కొత్తవి లేతు మీద చేయించి బిగించేసరికి నెల పట్టింది. కారు రోడ్డెక్కిన రోజు చంద్రమౌళికి ఆమె గుర్తొచ్చింది.

"ఆ మామ్మ రాలేదేటి?"

"ఆదివారం కాలం సేసింది సార్" అన్నాడు ధనరాజ్.

ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

కారును నేరుగా తను అప్పా అని పిలిచే అక్క దేముడమ్మ ఇంటికి తోలాడు. ఆమెను ఎక్కించుకుని బెల్లం మార్కెట్టు మీదుగా వెళ్తూ చెప్పాడు.

"అప్పాయమ్మని ఒక నర్సమ్మ వచ్చింది అప్పా. ఆ గాలివానలో నాన్న కారెలా నడిపేరో సెప్తే, ఎంత శ్రద్ధగా విందో."

దేముడమ్మ అతని వైపు తిరిగింది.

"నాన్న నడిపేరని నీకెవరు సెప్పేర్రా?"

"అమ్మే సెప్పేది కదా. తోలేరు, కర్ర కట్టేరు, ఆగకుండా తీసుకొచ్చేరు అని. నాన్న కాకపోతే ఇంకెవరు?"

దేముడమ్మ కారాపమని సైగ చేసింది. చంద్రమౌళి కారు పక్కకు తీసి ఆపాడు.

"నాన్నకి కారు తోలడం ఎక్కడొచ్చు మౌళీ? నిన్ను ఒళ్లో పెట్టుకుని ఎనక సీట్లో ఏడుత్తా కూర్సున్నారు. విశాఖ దాకా తోలింది ఆ నర్సమ్మేరా."