మూడు రోజుల నీరు

సాయంత్రం నాలుగయ్యేలోపు చేయాల్సిన పనులు: పడవను లోతుకు జరపాలి, బిందెలు నింపుకోవాలి, రాళ్లకు అంటుకున్న చేపగుడ్లను తడి గోనెసంచుల్లో మడుగుకు చేర్చాలి. నాలుగింటికి డ్యామ్ తూములు మూసేస్తారు. ప్రభుత్వం నగరాలకు యాభై ఏళ్ల కరెంటు అమ్మేశాక, వాళ్లకు కావాల్సిన గంటల్లోనే మా శబరి నదికి నీళ్లు. మోయలేకపోయిన గుడ్లు రాళ్ల మీదే ఎండిపోతాయి. ఏటేటా చేప తగ్గిపోతోంది.

మా అమ్మ నూకరత్నం పన్నెండేళ్లుగా గుడ్లు మోస్తోంది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కనుక, ఆ కరెంటు ఒప్పందం సవరించే సభలో ఊరి అర్జీ నేను చదివాను. తొలకరి తర్వాత గుడ్లు పిల్లలయ్యే మూడు రోజులూ తూములు మూయవద్దని అడిగాం.

"మూయకపోతే మర్నాటి కరెంటుకు నీళ్లు చాలవు. అయినా మూడు రోజులని ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నారు అధికారి. నేను అర్జీ కాగితాలు తిరగేశాను.

అమ్మ లేచి, వెంట తెచ్చిన గుడ్లున్న రాయిని నీళ్లగిన్నెతో సహా ఆయన బల్ల మీద పెట్టింది.

"పుస్తకాలు మా పిల్ల సదివిందండి. మీరు దీన్ని సదవండి. ఈ పొద్దున పెట్టిన గుడ్లే."

"గదంతా నీచు కంపు కొడుతుందమ్మా!"

"మూడ్రోజులు ఓర్సుకోండి బాబూ. మేం పన్నెండేళ్లు ఓర్సుకున్నాం."

మూడో రోజు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశారు. గిన్నెలో సూదిమొనలంత పిల్లలు ఈదుతున్నాయట!

ఆ మూడు రోజులూ తూములు మూయరాదన్న వాక్యాన్ని ఒప్పందంలో నేనే రాశాను. అమ్మ పక్కన కూర్చుని రెండుసార్లు చదివించుకుంది.

తొలకరి తర్వాత మీ నగరంలో మూడు రోజులు ఫ్యాను నెమ్మదిగా తిరిగితే విసుక్కోకండి. మా అమ్మ నూకరత్నాన్ని తలుచుకోండి.