ముక్కుసూటి కోడు

“వెంటిలేటర్ అని వేసి పారేయండి సార్, గొడవ వదిలిపోతుంది,” అన్నాడు ఫోనులో టీమ్ లీడర్.

“వెంటిలేటర్ పెట్టలేదు కదా.”

“ముక్కులోంచి గాలి పంపారా లేదా? వెంటిలేటర్ మాత్రం ఏం పంపుతుంది, కాఫీయా?”

డాక్టర్లు రాసిందంతా చదివి, ఒక్కో చికిత్సకీ ఒక్కో కోడు వేయడం వాళ్ల ఆఫీసు పని. ఆ కోడు చూశాకే ఇన్సూరెన్సు కంపెనీకి మనిషి మీద దయ పుడుతుంది. ఫోనుకి ఇవతల, ఈ పనిలో పండిపోయిన ఈయనకి ఆఫీసులో కామాగారని పేరు. ఒక్క కామా తక్కువైనా ఫైలు వెనక్కి కొడతారు. ఆ పేరు చెబితే చాలు, డాక్టర్లకి బీపీ పెరుగుతుంది. దానికీ ఓ కోడుంది.

“ఇది హై ఫ్లో,” అన్నారు కామాగారు ఆగి ఆగి, మాటల మధ్య కామాలు పెడుతున్నట్టు. “వెచ్చటి తడిగాలి, ముక్కులోకి జోరుగా పంపుతారు. ఊపిరి మాత్రం పేషెంటే తీసుకుంటాడు. వెంటిలేటరైతే ఆ పనీ మిషనే చేస్తుంది. చెయ్యిపట్టి నడిపించడం వేరు, ఎత్తుకుని మొయ్యడం వేరు.”

“వెంటిలేటరంటే ఇన్సూరెన్సువాళ్లు కిక్కురుమనరు. పేషెంటుకే కదా లాభం?”

“అసలు ఈ ఫైలు ఇంకెవరికైనా ఇవ్వండి. ఆ పేషెంటు నాకు తెలిసినవాడు.”

“ఎంత తెలుసేంటి?”

“చిన్నప్పట్నుంచీ.”

“మరింకేం! తెలిసినవాడికి ఆ మాత్రం సాయం చెయ్యరా? ఇంకెవరూ లేరు సార్. సగంమంది సెలవులో ఉన్నారు, మిగతావాళ్లు సెలవు దొరక్క ఏడుస్తున్నారు. సాయంత్రంలోగా పంపేయండి.”

ఫోను పెట్టేశాడు.

పక్కన యాపిల్ కోస్తున్న కామాగారి భార్య నెత్తి కొట్టుకుంది.

“ఆయన చెప్పినట్టు వేస్తే మీ సొమ్మేం పోయింది?”

“అబద్ధానికి కోడు వేసినా అబద్ధమే.”

“పేషెంటు పెళ్లాం గురించి ఆలోచించారా? తేడా వస్తే బిల్లు కట్టాల్సింది ఆవిడేగా!”

“ఆవిడ గురించే నా భయమంతా.”

ఇక ఆ పేషెంటుని చూస్తున్న డాక్టరమ్మ సంగతి. నోట్సులో ఆవిడ రాసింది ఒకే ఒక్క మాట: ‘ఆక్సిజన్’. అలాగే వదిలేస్తే ఇంత చికిత్సా మామూలు ఆక్సిజన్ పద్దులోకి పోతుంది, ఇన్సూరెన్సువాళ్లు మొండిచెయ్యి చూపిస్తారు. వివరం రాయమని కామాగారు సందేశం పంపారు. జవాబు లేదు. ఇంకోటి పంపారు. ఆ తర్వాతిదానికి డాక్టరమ్మే స్వయంగా ఎదుట ప్రత్యక్షమైంది.

“పేషెంటు బతికే ఉన్నాడండీ. అది చాలదా?”

“బతికున్నట్టు మీరెక్కడా రాయలేదు.”

“చూస్తే తెలియడం లేదూ?”

“ఇన్సూరెన్సువాళ్లు చూడరు, చదువుతారు. హై ఫ్లో అని రాయండి. మామూలు ఆక్సిజన్ ఎందుకు చాలలేదో రాయండి. ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో...”

“తీస్తే కదా రాయడానికి! విశ్రాంతి తీసుకోమంటే ఆ మహానుభావుడు వింటేనా? అంత మొండిఘటాన్ని నా సర్వీసులో చూడలేదు.”

“అది రాయక్కర్లేదు. మొండితనానికి కోడు లేదు.”

“ఉంటే బాగుండేది,” అంది ఆయన భార్య.

డాక్టరమ్మకి కోపం రాబోయి నవ్వొచ్చింది. చేతిలోని ట్యాబ్ తెరిచి, ఇంకా తీయలేదన్న మాటతో సహా అడిగినవన్నీ పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టింది. కామాగారు ల్యాప్‌టాప్‌లో చదువుకుని ఒక కామా పెట్టించారు. మళ్లీ చదివి ఇంకోటి తీయించారు. ఆవిడ పళ్లు నూరుతూనే తీసింది.

అప్పుడు వేశారాయన హై ఫ్లో కోడు. వెంటిలేటరూ కాదు, ఉత్త ఆక్సిజనూ కాదు, జరిగిందేదో అదే. ఇన్సూరెన్సువాళ్లు సరే అంటారో, ఇంకో సాకు వెతుక్కుంటారో ఎవరికి తెలుసు! ఫైలు పంపేసి, పెద్ద బరువు దించుకున్నట్టు ల్యాప్‌టాప్ మూశారు.

డాక్టరమ్మ వంగి, కామాగారి ముక్కులో హై ఫ్లో గొట్టం సరిచేసింది.