సున్నా సెకన్లు

“చూపు పక్కకి పోనివ్వకు. కెమెరా కిందే నా చాట్ విండో పెట్టుకో. ఆయన అడుగుతాడు, నేను టైప్ చేస్తాను, నువ్వు చదువు,” అంది దేదీప్య.

“నువ్వు టైప్ చేసేదాక నేనేం చెయ్యాలె అక్కా?”

“‘మంచి ప్రశ్న అడిగారు’ అను. ఆ ప్రశ్నే నెమ్మదిగా ఇంకోసారి నువ్వు చెప్పు. సగం కన్సల్టెంట్లు అలాగే బతుకుతున్నారు.”

అక్షయ్ టై సరిచేసుకున్నాడు. నడుం పైన కోటు, కింద నిక్కరు. స్కైప్‌లో మనిషి సగమే కనిపిస్తాడు కాబట్టి షామ్‌బర్గ్ గెస్ట్‌హౌస్‌లో ఇంటర్వ్యూకి కూర్చునే కుర్రాళ్ళందరికీ అదే యూనిఫారం. వాళ్ళకి ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీ యజమాని శ్యామ్‌సుందర్ అతని రెజ్యూమేలో నాలుగేళ్ళ జావాస్క్రిప్ట్ అనుభవం రాసిపెట్టాడు. నిజానికి అక్షయ్‌కి ఉన్నది వారం రోజుల అనుభవం, అదీ దేదీప్య చెప్పిన పాఠాలే. ఎమ్మెస్ అయిపోయింది. చదువయ్యాక ఇచ్చే ఓపీటీ పర్మిట్ మీద ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే గడువు కూడా అయిపోవస్తోంది. ప్లేనోలోని ఈ ఉద్యోగం రాకపోతే సూట్‌కేసు సర్దుకోవడమే.

దేదీప్య కాలేజీలో అతనికి ఒక బ్యాచ్ సీనియర్. పక్క బ్లాకులో అదే కన్సల్టెన్సీ ఆడపిల్లల గెస్ట్‌హౌస్‌లో ఉంటుంది.

“ఒకటే పొజిషనట అక్కా. మన దగ్గర్నుంచి ఇద్దరి రెజ్యూమేలు పోయినయట. ఆ రెండోడు ఎవడో?”

“ఎవడైతే నీకెందుకు? నీ సంగతి చూసుకో.”

“నీకేం, అట్లాంటా ప్రాజెక్టు వచ్చేసింది. సోమవారం జాయినింగ్.”

దేదీప్య నవ్వింది. గదిలో హీటర్ దంచేస్తున్నా హుడీ జిప్పు మెడ దాకా లాక్కుని కూర్చుంది. జలుబట.

“నిన్నటివి అప్పజెప్పు. హుక్ అంటే?”

“వేరేవాళ్ళ పని నడుస్తుంటే మధ్యల మన పని తగిలించుడు. వాళ్ళది నడిస్తే మనదీ నడుస్తది.”

“ఈవెంట్?”

“దోశ కౌంటర్ల టోకెన్ లెక్క. ఆర్డర్ ఇచ్చి పక్కకి జరగాలె. పిలిచినప్పుడే పోవాలె. దోశ ముందే రెడీ అయినా సరే, కౌంటర్ మీదున్నోడు చేతిల పని అయిందాక పిలవడు.”

“బంగారం,” అంది దేదీప్య.

స్కైప్ మోగింది. అవతల నెరిసిన గడ్డం పెద్దమనిషి. అందరినీ ఒకే ప్రశ్నలు అడగడం తన పద్ధతని ముందే చెప్పాడు. బల్లకి ఎదురువైపు, కెమెరాకి అందకుండా, దేదీప్య తన లాప్‌టాప్ మీద చప్పుడు లేకుండా టైప్ చేస్తోంది.

ఆయన హుక్స్ గురించి అడిగాడు. మంచి ప్రశ్న అన్నాడు అక్షయ్. జవాబు వచ్చి పడింది, చదివాడు. కాల్‌బ్యాక్‌ల గురించి అడిగాడు. అదీ మంచి ప్రశ్నే. మూడోసారి కూడా అదే మాట వినేసరికి పెద్దమనిషికి నవ్వొచ్చింది గానీ, జవాబులు సరిగ్గా ఉండటంతో రాసుకుంటూ పోయాడు.

“ఇది చివరిది. మూడు పనులు వరసగా ఉన్నాయి. మధ్యదాన్ని టైమర్‌లో పెట్టి, సున్నా సెకన్ల తర్వాత చెయ్యమన్నాను. అది ఎప్పుడు జరుగుతుంది?”

అక్షయ్‌కి టోకెన్ గుర్తొచ్చింది. చేతిలో పని అయ్యాకే కదా పిలిచేది. నోరు తెరవబోయాడు. ఇంతలో చాట్‌లో అక్షరాలు పడ్డాయి: ‘వెంటనే. తన వరసలోనే, రెండోదిగా.’

తలెత్తి చూశాడు. దేదీప్య గట్టిగా తల ఊపింది. సొంత బుర్రని నమ్మి అక్షయ్ బాగుపడింది ఇంతవరకూ లేదు.

“వెంటనే సర్. తన వరసలోనే, రెండోదిగా.”

“ఇంకోసారి ఆలోచిస్తారా?”

“అక్కర్లేదు సర్.”

పెద్దమనిషి ఏదో రాసుకుని, కబురు చేస్తానని సెలవు తీసుకున్నాడు.

“అక్కా, చేతిల పని అయినంకనే అని నిన్న చెప్పినవ్ కదా?”

“అది టైమ్ పట్టే ఆర్డర్లకిరా. సున్నా అంటే ఇక ఆగేదేముంది? భలే చెప్పావు.”

అక్షయ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరుగాని ఊళ్ళో తనకోసం ఒక మనిషి ఇంత చేసిందన్న సంతోషం అతనికి పట్టరాకుండా ఉంది.

“సొంత అక్క కూడా ఇంత చెయ్యదు. ఏం తింటవో చెప్పు, తెస్తా.”

“బిర్యానీ. ఇక్కడిది బాగోదు. దూరమైనా నేపర్‌విల్ నుంచి తే.”

“ఇద్దరం పోదాం.”

“ఈ చలిలోనా? మా ఫ్లాట్‌లో ఒకటే గోల, కాసేపు ఇక్కడే కూర్చుంటాను. తాళంచెవి పెట్టి వెళ్ళు, అవసరమైతే వేసుకుంటాను.”

అక్షయ్ నిక్కరు మీదే ప్యాంటు ఎక్కించి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“ఆ రెండోడు ఎవడో గానీ పాపం అక్కా. వానికి నీలాంటి అక్క ఉండదు.”

ప్లేనోలో నెరిసిన గడ్డం పెద్దమనిషి భోంచేసి వచ్చి, రెండో అభ్యర్థికి స్కైప్ చేశాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, తడబాటు లేని గొంతు. మంచి ప్రశ్న, మంచి ప్రశ్న అనే నస ఈసారి లేదు. జవాబులు టకటకా వచ్చాయి. చేతిలో వేరే ప్రాజెక్టేదీ లేదట, సోమవారమే చేరగలరట. వెతుకుతున్న మనిషి దొరికినట్టే అనిపించింది ఆయనకి.

“చివరిది. మధ్య పనికి సున్నా సెకన్ల టైమర్ పెడితే?”

“మిగతా రెండూ అయ్యాకే సర్. అన్నిటికన్నా చివర.”

“సరిగ్గా చెప్పారు. పొద్దున ఒకబ్బాయి ఇక్కడే తప్పాడు. అన్నట్టు, మీ తలుపు ఎవరో కొడుతున్నట్టున్నారు. చూసి రండి, ఆగుతాను.”

“ఎవరూ లేరు సర్,” అంది దేదీప్య.