కోల్టర్ బండి కిచకిచ

పికప్ కిచకిచమంటూనే కనుమ ఎక్కింది.

పక్క సీట్లో షెల్బీ పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతోంది. తొలి కాన్పు.

ఆసుపత్రి కనుమకు అవతల, దిగువన ఉంది. నడుమ అంతా మలుపుల దిగుడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

"ఆపు కోల్టర్. కక్కొస్తోంది."

కొండ నెత్తిన, దిగబోయే ముందు లారీల వాళ్లు బ్రేకులు చూసుకునే జాగా ఉంది. కోల్టర్ బండి అటు తిప్పాడు.

ఓ ముసలాయన తన డొక్కు బండికి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. చూపు మాత్రం కోల్టర్ బండి ముందు చక్రాలు తిరిగే తీరు మీదే ఉంది.

షెల్బీ కక్కుకుని తలుపు వేసుకుంది. కోల్టర్ బండి కదపబోయాడు.

ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పుకో పెద్దాయనా! నా పెళ్లానికి నొప్పులు!"

"ఈ బండితో దిగకు."

కోల్టర్ హారన్ మీద పెట్టిన చెయ్యి తీయలేదు. ఆయన కదల్లేదు.

"బండి ఎత్తు ఎప్పుడు పెంచావు?" ముసలాయన కోల్టర్ మొహం మీంచి కళ్లు తీయకుండా అడిగాడు.

"ఈ వేసవిలో. నా చేత్తో నేనే. అయితే ఏంటి?"

"తర్వాత బోల్టులు మళ్లీ బిగించావా?"



ఎత్తు పెంచిన బండిని కొన్నాళ్లు తిప్పాక ప్రతి బోల్టూ మళ్లీ బిగించాలి. అక్కడి కుర్రాళ్లందరికీ తెలుసు. ఎవడూ చెయ్యడు. కిచకిచ మొదలైతే నూనె కొట్టి ఊరుకుంటారు.

ఆయన బండి కిందికి దూరాడు.

"అక్కడేం లేదయ్యా! మోత వెనక చక్రాల మీది కమాను కట్టలది. వినబడట్లా?"

పలుకు లేదు.

"నిన్నే అడిగేది!"

పలుకు లేదు.

కోల్టర్ జాకీ రాడ్డు తీసుకుని దిగాడు.

"బయటికి రా ముసలోడా! కాళ్లు పట్టి ఈడ్చేస్తా!"

"నీ గొడవ తర్వాత కోల్టర్... అబ్బా!" లోపల షెల్బీ కేక పెట్టింది.

కోల్టర్ వంగి ఆయన కాలు పట్టుకున్నాడు. ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. రాడ్డు చూశాడు. రాడ్డున్న చేతినే పట్టి కిందికి లాగాడు.

"ఇక్కడ వేలు పెట్టు. ఆ అమ్మాయిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమను."

షెల్బీ పళ్లు బిగించి, పక్క సీట్లోంచే తిప్పింది.

చక్రాలు తిరగకముందే బండి పక్కకు జరిగింది. కోల్టర్ వేలి కింద బోల్టు గుంజుకుంది.

ముందు ఇరుసును బండికి పట్టి ఉంచే అడ్డకడ్డీ బోల్టు అది. నట్టు చివరి మరల మీద వేలాడుతోంది.

కోల్టర్ చేతిలో రాడ్డు జారింది.

ఆయన తన పానా తెచ్చి నట్టు బిగించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోతున్నాడు.

"నీ మేలు మరిచిపోం తాతా!" షెల్బీ కిటికీలోంచి అరిచింది.

ఆయన వెనక్కి తిరగలేదు.

"చూశావా? ఎంత పొగరో," అన్నాడు కోల్టర్.

"నువ్వు నోరు ముయ్యి. బండి పోనీ!"

బండి కిక్కురుమనకుండా కనుమ దిగింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మంచు పడకముందే కోల్టర్ పసిపిల్లను తీసుకుని కనుమ మీదికి వెళ్లాడు. జాగా ఖాళీగా ఉంది. కింద పెట్రోలు బంకు నడిపే డెల్లమ్మను ఆ ముసలాయన గురించి అడిగాడు.

"ఎల్డనా? ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి పోయాడు. తూర్పున ఎక్కడో. ఆయనతో నీకేం పని?"

"ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ రోజు నోరు జారాను. నా బండి కిచకిచ ఎక్కడిదో ఇట్టే పట్టేశాడు. ఇంత పదునైన చెవి ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు."

డెల్లమ్మ పిల్ల బుగ్గ నిమిరింది.

"గనిలో పేలుడైన నాటి నుంచి ఎల్డన్‌కు ఉరుము కూడా వినబడదు నాయనా."